మూడు దగ్గర ఆగిన కొలత

మొదలుపెట్టే నాటికి భద్రయ్య చేతిలో ఉన్నది ఇది: మోండా మార్కెట్ వెనక సందులో పద్నాలుగు అడుగుల దుకాణం; దాన్నిండా మురమురాలు, అటుకులు, పుట్నాలు, పేలాలు; గిరాకీ నోరు తెరవకముందే వాళ్లకేం కావాలో చెప్పేస్తాడన్న పేరు; ఐదేళ్ల మనవరాలు కల్పలత; ఆ మనవరాలి దగ్గర పదకొండు మాటలు.

ఆ పదకొండు కూడా సరిగా లెక్కిస్తే తొమ్మిదే తేలతాయి. ‘బా’ అన్న ఒక్క కూతే బస్సుకూ, బంతికీ, బాత్రూమ్‌కూ నడిచేది. ఏది ఎప్పుడన్నది భద్రయ్య మొహం చూసి కనిపెట్టేవాడు. ఒకసారి మాత్రం బంతి అనుకుని బంతే తెచ్చి ఇచ్చాడు. ఆ తప్పుకు అటుకుల మూట కింద పరిచిన గోనెపట్టా ఉతకాల్సి వచ్చింది.

కనిపెట్టడం అతనికి దుకాణంలో అబ్బిన విద్య. గడప దగ్గర నిలబడ్డ మనిషి చేతిలో సంచి ఎంతుందో చూసి, వెంట పిల్లలున్నారో లేదో చూసి, “అర్ధకిలో అటుకులు, పావుకిలో పుట్నాలు, గంతే గదా” అనేవాడు. పదింట ఎనిమిది సార్లు సరిపోయేది. మిగతా రెండు సార్లు గిరాకీ మొహమాటపడి అతను చెప్పిందే కొనుక్కుని పోయేవాళ్లు. అందుకని భద్రయ్య లెక్కలో పదికి పదీ సరిపోయినట్టే.

మనవరాలి దగ్గరా అదే నడిపాడు. ఆమె చెయ్యి చాపకముందే నీళ్లు, కన్ను తిప్పకముందే పల్లీపట్టీ. నోరు విప్పే అవసరం లేకుండా చేసిన ఘనత చాలావరకు అతనిదే. మాట రాకపోవడానికి అసలు కారణం మాత్రం అతను కాదు. ఆ సంగతి తర్వాత తెలిసింది. తెలిశాక తేలికపడ్డాడు, ఎక్కువ రోజులు కాదు.

పేరు దగ్గర మాత్రం నేరం పూర్తిగా అతనిదే. కోడలు నవత ‘మీన’ అని పెట్టుకుంటానంది. భద్రయ్య ఒప్పుకోలేదు. “మా అమ్మ పేరు పెట్టకుంటే నేను తొట్లె పండుగకు రాను” అని మొండికేశాడు. కొడుకు ఓంప్రకాశ్ తండ్రికి ఎదురు చెప్పే మనిషి కాదు కాబట్టి కల్పలత అయింది. నాలుక వెనక్కి పోవాలి, పైకి లేవాలి, పెదవులు కలవాలి, మళ్లీ నాలుక పైకి, ఆ తర్వాత పళ్ల దగ్గరికి. ఇంత ప్రయాణం చెయ్యలేక ఆ పిల్ల తన పేరు అడిగితే “అత” అని ఊరుకునేది. తన పేరు తాను పలకలేని పిల్లను తయారుచేసింది ఎవరంటే, తొట్లె పండుగకు ముందు వరసలో కూర్చుని లడ్డూలు తిన్నాయన.

వైద్యాలు కూడా ముందు అతనివే నడిచాయి. భార్య కమలాబాయి తేనెలో వసకొమ్ము అరగదీసి నాలుకకు రాసింది. పిల్ల మొహం చిట్లించి ఉమ్మేసింది, మాట పడలేదు. ఎదురు దుకాణం పురుషోత్తం “ఊదిపియ్యన్నా, నోట్లె బలమొస్తది” అన్నాడు. ఒక ఈల కొంటే పది రూపాయలు, డజను తీసుకుంటే ఏడు పడుతుందని భద్రయ్య డజను తెచ్చాడు. నెల తిరిగేసరికి కల్పలత సందు సందంతా వినిపించేలా ఈల వేయడం నేర్చుకుంది. మాటలు మాత్రం పదకొండే.

అప్పుడు నవత ఇక ఎవరినీ అడగకుండా పిల్లను పద్మారావు నగర్‌లో స్పీచ్ థెరపీ చేసే షెకీనా దగ్గరికి తీసుకెళ్లింది. జిరాక్స్ షాపు మీద ఒక గది, గోడకు నిలువెత్తు అద్దం, నేల మీద చాప. షెకీనాకు ముప్ఫై ఏళ్లుంటాయి. లాలాగూడ రైల్వే క్వార్టర్లలో పెరిగింది, వాళ్ల నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. మూడు రోజులు పిల్లతో ఆడి, పరీక్షించి, ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి చెప్పింది.

“చెవులు మంచిగున్నయి. తెలివి మంచిగుంది. పెదాలు, నాలుక బలంగనే ఉన్నయి, ఈలలు వేస్తనే ఉందంట గదా. ఇంజను బాగుంది, పట్టాలు బాగున్నయి. బండి పట్టా మారే పాయింట్లకాడ తకరారు. ఏ మాట అనాల్నో దానికి తెలుసు. ఏది ముందు కదలాలె, ఏది తర్వాత అనే హుకుం మెదడు నుంచి నోటికి సక్కగ అందుతలేదు. దీన్ని ఆప్రాక్సియా అంటరు. ఎవ్వరి తప్పూ కాదు.”

“మరి ఈలలు?” అన్నాడు భద్రయ్య.

“ఈల వేసుడు వస్తే ఈల వేసుడే వస్తది అంకుల్. మాట రావాలంటే మాటే చెయ్యాలె.”

డజనులో పదకొండు ఈలలు ఇంకా డబ్బాలోనే ఉన్నాయన్న సంగతి భద్రయ్య బయటపెట్టలేదు.

నవత ఒక ల్యాబులో రక్తం శాంపిళ్లు తీసే పని చేస్తుంది, పగలు సెలవు దొరకదు. ఓంప్రకాశ్ సరుకు కోసం ఊళ్లు తిరుగుతాడు. కమలాబాయికి మోకాళ్ల నొప్పులు. కాబట్టి వారానికి మూడుసార్లు ఆటోలో పిల్లను తీసుకెళ్లే పని భద్రయ్యకు పడింది. మొదటి రోజే అతనికి లెక్క నచ్చలేదు. అరగంటలో నేర్పింది ఒక్క మాట. ‘దా’.

షెకీనా పిల్ల కళ్లకు ఎదురుగా కూర్చుని, తన గడ్డం కింద వేలు పెట్టుకుని కిందికి లాగుతూ, “దా...” అని సాగదీసింది. పిల్లతో కలిసి అన్నది. తర్వాత గొంతు లేకుండా నోరు మాత్రం కదిపింది, పిల్ల గొంతుతో అన్నది. మాట వస్తే షెకీనా తోసిన బొమ్మ కారు చాప మీద జరజరా పిల్ల దగ్గరికి వచ్చేది. రాకపోతే షెకీనా ఏమీ అనకుండా పిల్ల గడ్డాన్ని రెండు వేళ్లతో ముట్టుకుని మళ్లీ మొదలుపెట్టేది. భద్రయ్య గోడకానుకుని లెక్కపెట్టాడు. నలభై మూడు సార్లు.

బయటికొచ్చేటప్పుడు ఉండబట్టలేకపోయాడు.

“బిడ్డా, ఒక మాట అడుగుతా, ఏమనుకోకు. ఒక్క సరుకే నలభై మూడుసార్లు అమ్మినవు.”

షెకీనా నవ్వింది. “అంకుల్, మీరు కాగితం పొట్లాలు కడతరు గదా దుకాణంల. మొదటి పొట్లం ఊడకుంట కట్టుటానికి ఎన్ని రోజులు పట్టింది?”

“నెల. మా నాయిన ఈపు మీద గుద్దుకుంట నేర్పిండు.”

“నెలంత పొట్లమొక్కటే గదా కట్టిన్రు. మీ నాయిన రోజుకో కొత్త పని చెప్పలేదు గదా. మాట సుత చేతి పని లాంటిదే, నోటితోని చేస్తం గంతే. దారి పడేదాక అదే దారిల నడవాలె. గుద్దుడు మాత్రం ఒద్దు.”

ఆ తర్వాత ఇంట్లో ఏం చెయ్యాలో చెప్పింది. రోజుకు నాలుగు సార్లు, ఐదేసి నిమిషాలు చాలు. ఎదురుగా కూర్చోండి, నోరు కనిపించాలి. నిదానంగా, సాగదీసి, ఆమెతో కలిసి అనండి. మేమిచ్చిన మాటలే, కొత్తవి వద్దు. ఆమె బదులు మీరు మాట పూర్తి చెయ్యకండి, మనసులో ఐదు లెక్కపెట్టేదాకా ఆగండి. మాట అంటేనే ఇస్తానని ఏదీ ఆపిపెట్టకండి. నలుగురిలో ‘చెప్పు చెప్పు’ అనకండి.

చెప్పింది అంత. భద్రయ్య మూటగట్టుకుని వచ్చింది ‘ఆగండి’ అన్న ఒక్క ముక్క.

ఎందుకంటే అది అతని సరుకే. బేరంలో ధర చెప్పాక నోరు మూసుకోవాలి. ఎదుటివాడు గోడ చూస్తాడు, సంచి చూస్తాడు, నిట్టూరుస్తాడు. నువ్వు మాత్రం కదలకూడదు. ముందు నోరు తెరిచినవాడిదే ఓటమి. నలభై ఏళ్లుగా భద్రయ్య ఓడిపోలేదు. ఐదు లెక్కపెట్టడం ఏమిటి, కావాలంటే యాభై లెక్కపెడతాడు. పద్మారావు నగర్ నుంచి ఆటో దిగేసరికి, ఆ షెకీనాకు ఫీజు అనవసరమన్నంత ధీమా వచ్చేసింది.

మర్నాడు మధ్యాహ్నం దుకాణంలో పల్లీపట్టీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. కల్పలత చెయ్యి చాపింది. ఇవ్వలేదు. “దా” అనమన్నాడు. మొహం రాయిలా పెట్టుకున్నాడు. పిల్ల పట్టీ చూసింది, తాత మొహం చూసింది, పాపం గడ్డం కిందికి లాగుతూ “దా” అన్నది. పట్టీ చేతిలో పడింది. భద్రయ్యకు పెద్ద బేరం కుదిరినంత సంబరం.

మూడు రోజులు ఆ పద్ధతి బ్రహ్మాండంగా నడిచింది. నాలుగో రోజు దుకాణం పలక మీద గీతలు మొదలయ్యాయి. రోజుకు రెండు కొత్త మాటలు. ‘పట్టీ’ అంటేనే పట్టీ. ‘నీళ్లు’ అంటేనే నీళ్లు. షెకీనా నెలకు నాలుగు మాటలిస్తే తను రోజుకు రెండు తీస్తానని పురుషోత్తంతో గొప్పలు పోయాడు. పురుషోత్తం ఊరుకుంటాడా?

“ఏదీ, ఒకటి అనిపియ్యన్నా ఇందాం.”

“చెప్పమ్మా, తాతకు పట్టీ అని చెప్పు. చెప్పు. గిప్పుడే అన్నవు గదా. ఊఁ...”

కల్పలత నోరు తెరిచింది. పెదవులు కలిశాయి, విడిపోయాయి, నాలుక ఎటో పోయింది. “బ... అ... దత్...” అన్నది. పురుషోత్తానికి చెడ్డ ఉద్దేశం లేదు, అయినా నవ్వాడు. పక్కన పుట్నాలు కొంటున్న ఇద్దరు ఆడవాళ్లు కూడా నవ్వారు. భద్రయ్య నవ్వలేదు. అతను చేసింది అంతకంటే ఘనకార్యం. పట్టీ ఇంకా పైకి ఎత్తి పట్టుకుని, ఎవరు ముందు నోరు తెరుస్తారో చూద్దామన్నట్టు నిలబడ్డాడు.

కల్పలత తెరవలేదు. ఆ రోజే కాదు, ఆ మర్నాడూ తెరవలేదు. శుక్రవారానికి ‘దా’ పోయింది. ఆదివారానికి ‘బా’ పోయింది. కావాల్సినవి అడగడం కూడా మానేసి, తనకు అందినవి తనే తీసుకునేది, అందనివి వదిలేసేది. బేరంలో భద్రయ్య నెగ్గాడు. సరుకంతా అవతలివాళ్లు పట్టుకుపోయారు.

షెకీనా దగ్గర కూడా అంతే. కారు బొమ్మ చూపిస్తే పెదవులు బిగించి అద్దం వైపు తిరిగి కూర్చుంది. షెకీనా అరగంటసేపు ఏమీ అడగకుండా ఆమెతో పాటు కారు తిప్పుతూ కూర్చుని, చివర్లో భద్రయ్యను పక్కకు పిలిచింది.

“ఇంట్ల ఏమన్న అయ్యిందా అంకుల్?”

“ఏముంటది బిడ్డా? జెర జలుబు.”

ముప్పావు కిలోను కిలో అని ఏనాడూ అమ్మని మనిషి, అంత అబద్ధాన్ని రెప్ప వాల్చకుండా తూచి ఇచ్చాడు.

ఆ సాయంత్రం పిల్లను తీసుకెళ్లడానికి దుకాణానికి వచ్చిన నవత కంట్లో పలక పడింది. మాటల పట్టిక, గీతలు, కింద ‘బాకీ 6’. సంగతి పురుషోత్తాన్ని అడిగి తెలుసుకుంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే భద్రయ్యకు బాగుండేది.

“మామయ్యా, మాట కష్టమని ఒకసారి అది వదిలేసిందంటే మళ్లీ తెచ్చుడు చానా కష్టమంట. మేడమ్ మొదటి రోజే చెప్పింది.” పలక అతని వైపు తిప్పింది. “మీ దుకాణంల ధర నచ్చకపోతే గిరాకీ లేచిపోతడు. అది ఏడికి పోతది?”

భద్రయ్య పలక అందుకుని అంగీ అంచుతో గీతలు తుడిచాడు. 

“ఇగ మేడమ్ దగ్గరికి నేనే తీస్కపోత. జీతం కట్ అయితే కానీ. బడి ఇడిసినంక నేను వచ్చేదాక మీ దగ్గర కూసుంటది, వేరే దిక్కు లేదు. కానీ దాన్ని ఒక్క మాట అడగొద్దు. ఒక్కటి సుత.”

“అడగ,” అన్నాడు భద్రయ్య.

అడగలేదు. మధ్యాహ్నం ఒంటిగంటకు వచ్చి, మురమురాల మూటల వెనక తన చోట్లో కూర్చుని, ఆ పిల్ల పాత రసీదు పుస్తకాల మీద రంగులు వేసుకునేది. పట్టీ అడగకుండానే పక్కన పెట్టేవాడు. తినేది కాదు. అది భద్రయ్యకు నోట్లో వేడి వేడి దుంప పెట్టుకున్నట్టుండేది, మింగలేడు, ఉమ్మలేడు. రాత్రి భోజనాల దగ్గర కమలాబాయి, “ఏందయ్యా, నీకు సుత మాట పడిపోయిందా?” అని ఎత్తిపొడిచింది. పదిరోజులు గడిచాయి. ఇంట్లో అందరికీ ఒకటే భయం, పిల్ల నోరు ఇక ఇలాగే మూసుకుపోతుందేమోనని. ఆ భయం పేరెత్తి ఎవరూ మాట్లాడలేదు. భద్రయ్య అయితే అసలే ఎత్తలేడు.

పదకొండో రోజు తొలి ఏకాదశి ముందు రోజు. ఆ పండుగకు పేలాలపిండి చేసుకోని ఇల్లు ఉండదు, భద్రయ్యకు ఏడాదిలో అదే పెద్ద గిరాకీ. పేలాలు గాలి సరుకు. తూకం వేస్తే కవరు నిండా వచ్చినా కాటా మీద అంకె చిన్నగా కనిపిస్తుంది, జనం నమ్మరు. అందుకని ఆ రెండు రోజులూ అతను పాత ఇత్తడి మానిక తీసి కొలిచి ఇస్తాడు. తండ్రి దగ్గర నేర్చుకున్న కొలత. కొలిచేటప్పుడు ఒకటి అనకూడదు, మొదటి మానికకు లాభం అనాలి. ఆ మాటను మానిక నిండి, అంచు చదును చేసి, సంచిలో ఒంపేదాకా సాగదీసి అంటూనే ఉండాలి. మధ్యలో ఎవరు పలకరించినా లెక్క పోదు.

బన్సీలాల్‌పేట నుంచి లచ్చమ్మ వచ్చింది. ముప్ఫై ఏళ్ల గిరాకీ, కూరగాయలు అమ్ముతుంది, కొలతలో ఆమె కంటిని దాటి గింజ పోదు.

“ఐదు మానికలు పొయ్యి సావుకారీ. మానిక మీది కుప్ప తలగొట్టకు, పండుగ పూట.”

“సంచి పట్టు,” అని భద్రయ్య మోకాలు మడిచి బస్తా ముందు కూర్చున్నాడు. లచ్చమ్మ వెనక ఏడుగురు నిలబడి ఉన్నారు. మనవరాలి సంగతి ఆ పూటకి నిజంగానే మరిచిపోయాడు. చెయ్యి ఊగింది, గొంతు దాని వెంట పోయింది.

“లా...భం, లా...భం, లా...భం.” ఒంపాడు. “రెం...డూ, రెం...డూ, రెం...డూ.” ఒంపాడు. “మూ...డూ, మూ...డూ...”

“మూ.”

ఎటు నుంచో వచ్చింది. మొదట, వరసలో ఎవరో మూలిగారనుకున్నాడు. మానిక ముంచుతూ “మూ...డూ” అన్నాడు.

“మూ...ఊ.”

మురమురాల మూటల వెనక నుంచి. దాంతో పాటు గోనె మీద అరచేత్తో తడుతున్న చప్పుడు, సరిగ్గా అతని చెయ్యి ఊగిన వేళకే.

భద్రయ్య మెడ తిరగబోయింది. తిరిగి ఉంటే కథ ఇక్కడితో ఆగేది. తిరగలేదు. అందుకు మంచితనం కారణం కాదు, అనుభవం. గిరాకీ సరుకు మీద చెయ్యి వేసినప్పుడు అతని మొహంలోకి చూడకూడదు. చూస్తే చెయ్యి తీసేస్తాడు. ఆ టైములో తాడు ముడి వేసుకోవాలి, ఈగలు తోలుకోవాలి.

మూడో మానిక సంచిలో ఒంపాడు. ఇప్పుడు నాలుగు అనాలి. నాలుగులో నాలుక పళ్ల వెనక నుంచి మీదికి, మీది నుంచి గొంతు దాకా పరుగెత్తాలి. పద్మారావు నగర్ గోడకానుకుని నిలబడి నేర్చుకున్న ముక్కలు ఇన్నాళ్లకు ఇప్పుడు తట్టాయి. నాలుగు అంటే ఆ గొంతు ఆగిపోతుంది. మానిక ముంచాడు.

“మూ...డూ, మూ...డూ.”

“మూ...ఊ, మూ...ఉ.”

ఒంపాడు. మళ్లీ ముంచాడు. “మూ...డూ.” ఒంపాడు. మళ్లీ “మూ...డూ.” గొంతు తగ్గించాడు, పిల్ల గొంతు పైకి వచ్చేలా. లచ్చమ్మ సంచి బరువు చూసుకుంది, అతని మొహం చూసింది.

“సావుకారీ, మూడు అనుడు నాలుగుసార్లయింది.”

“సంచి పట్టు లచ్చమ్మా.”

“నాకేం పాయె, పడత. ఎండ తగిలిందా ఏంది నీకు?”

వరసలో వెనక ఉన్నాయన, “జెర తొందరగ కానియ్యిర్రి, ఆమెకొక్కదానికే దుకాణమంత పోస్తరా?” అని గొణిగాడు. భద్రయ్య అతని వైపు చూడలేదు. చెమట కంట్లోకి కారుతోంది. చెయ్యి ఊగుతోంది. ఆరోసారి మూడు అన్నాడు, ఏడోసారి అన్నాడు. లచ్చమ్మ సంచి నిండిపోతే ఆమె కొంగు పట్టింది. ఎనిమిదో మూడు కొంగులో పడుతుండగా వెనక నుంచి వచ్చింది:

“మూ...దు.”

పిల్ల మళ్లీ అన్నది, ఈసారి అతనికంటే ముందే. “మూదు.” తనే విని, బాగుందో లేదో చూసుకుంటున్నట్టు ఇంకోసారి. “మూదు.”

లచ్చమ్మకు అప్పుడు అర్థమైంది. మూటల వెనక్కి ఒకసారి తొంగి చూసి, కొంగు ముడి వేసుకుని, గట్టిగా, ఏమీ జరగనట్టు, “సరే సావుకారీ, నాది ఐపాయె, ఐదుకు పైసలు తీస్కో,” అన్నది. పది మానికలు కొంగులో, సంచిలో వేసుకుని ఐదుకు డబ్బులిచ్చింది. వెళ్తూ వెళ్తూ, “రేపు సుత వస్త,” అన్నది.

నాలుగింటికి నవత వచ్చింది. ఆమెను చూడగానే భద్రయ్య చెయ్యి దానంతటదే మానిక మీదికి పోయింది. ‘కల్పా, అమ్మకొకసారి...’ అన్నంతవరకు నోటిదాకా వచ్చేసింది. ఆ రెండు ముక్కలు మింగడం అతని జీవితంలో చేసిన పనులన్నిటిలోకీ బరువైనది. మింగి, పిల్ల చెప్పులు వేసుకుంటుండగా కోడలిని పక్కకు పిలిచి జరిగింది చెప్పాడు.

“మామయ్యా, మీరు మళ్లీ...” నవత కళ్లు ఎర్రబడ్డాయి.

“అడగలే. నీ మీద ఒట్టు. వెనకకు సుత తిరగలే. కావాలంటే లచ్చమ్మనడుగు, ఐదు మానికలు ఫుకట్‌గా పట్టుకపోయింది.”

నవత నమ్మింది మాట విని కాదు. ఈయన ఐదు మానికలు ఊరికే పోశాడంటే ఏదో జరిగే ఉంటుందని నమ్మింది.

పండుగ దాటాక భద్రయ్య ఒక్కడే షెకీనా దగ్గరికి పోయాడు. చాప మీద కూర్చోలేక కూర్చుని, పట్టీ సంగతి, పలక సంగతి, పురుషోత్తం సంగతి, జలుబు సంగతి వరసగా చెప్పాడు. షెకీనా నవ్వలేదు, ఓదార్చనూ లేదు.

“అంకుల్, మీరట్ల పట్టీ పట్టుకుని నిలబడితే ఆ చిన్న నోటికి రెండు పనులు. మాట చేసుకోవాలె, భయం దాచుకోవాలె. ఒక్క పనే కష్టం దానికి.”

“తెలిసింది బిడ్డా.”

“ఇంకోసారి నాతోని జలుబు అని చెప్పకుర్రి. నాకు అసలు సంగతి తెల్వకపోతే నేను తప్పు పని చేస్త.”

“చెప్ప.”

అప్పుడు కొలత గురించి అడిగింది. ఎలా అన్నాడు, ఎంత సాగదీశాడు, చెయ్యి ఎప్పుడు లేచింది. అతను ఖాళీ చేత్తో గాలిలో ముంచి చూపించాడు. ఆమె పుస్తకంలో రాసుకుంది.

“నిదానంగ అన్నరు. సాగదీసిన్రు. చెయ్యి తోడు ఉంది. ఒకే మాట మళ్లీ మళ్లీ. కలిసి అన్నరు. ఎవ్వరూ అడగలే. మేము ఐదేండ్లు చదివి చేసేది గిదే అంకుల్.” పుస్తకం మూసి అన్నది, “పోయిన నెల నన్ను ఒక్క సరుకే అమ్ముతున్నవు అన్నరు.”

భద్రయ్య చాప అంచు సరిచేశాడు.

“ఇంకో మానిక ఉందా మీ దగ్గర?”

ఉంది. చిన్నది, తవ్వ. కొత్తదైతే ఎంతవుతుందో చెప్పబోయి, ఊరికే ఇచ్చేశాడు.

ఆ తర్వాత పని షెకీనాది. పేలాలు తవ్వతో ముంచి ఒంపుతూ ముందు ‘మూడు’, దాన్నుంచి ‘మా’, ‘మూ’, ‘అమ్మ’. రోజుకు వంద సార్లు, రెండు వందల సార్లు. పేలాలు చాలించి రాళ్లు, రాళ్లు చాలించి ఉత్త చెయ్యి, చెయ్యి చాలించి ఉత్త నోరు. అంకెలు కడుపు నింపవని పిల్లకు కావాల్సిన మాటలు ఎంచింది. ‘వద్దు’ రావడానికి మూడు వారాలు పట్టింది. వచ్చాక వారం రోజులు కల్పలత ఇంట్లో ఎవరేమిచ్చినా వద్దంది. అన్నం వద్దంది, స్నానం వద్దంది, భద్రయ్య ఎత్తుకోబోతే వద్దంది. కమలాబాయి విసుక్కుంది, నవత వంటింట్లోకి పోయి కళ్లు తుడుచుకుంది. మధ్యలో జ్వరం వచ్చి సగం మాటలు పోయాయి కూడా, మళ్లీ మొదటి నుంచి ముంచి పోయాల్సి వచ్చింది. భద్రయ్య రోజూ ఐదు నిమిషాలు ఎదురుగా కూర్చునేవాడు. మనసులో ఐదు లెక్కపెట్టడం ఇప్పుడు తెలిసింది, చాలా పెద్ద అంకె అది.

దసరా ముందు ఒక సాయంత్రం. నవత రావడం ఆలస్యమైంది. దుకాణంలో గల్లాపెట్టె పక్క స్టూలు మీద కల్పలత కూర్చుంది. బైకు దిగి ఒక కుర్రాయన లోపలికొచ్చాడు, హెల్మెట్ తియ్యలేదు, చేతిలో మందుల చీటీ ఉంది. అలాంటి మనిషికి ఏం కావాలో భద్రయ్యకు కళ్లు మూసుకున్నా తెలుసు. ఇంట్లో ఎవరికో కడుపు బాగాలేదు, మురమురాలు, పావుకిలో.

“మురమురాలు ఉన్నయా?”

భద్రయ్య నోరు తెరిచేలోపు స్టూలు మీది నుంచి మొదలైంది.

“ఉ...”

కుర్రాయన అటు తిరిగాడు. ఆమె గడ్డం కిందికి దిగింది, పైకి వచ్చింది. “ఉన్...” చెయ్యి ఒళ్లో చిన్నగా ఊగింది. భద్రయ్య గల్లాపెట్టె అంచు పట్టుకున్నాడు. ఒకటి. రెండు. మాట అతని నోట్లో తయారుగా ఉంది, కాగితం చుట్టి, దారం కట్టి. మూడు. గడప దగ్గర ఇంకో ఇద్దరు వచ్చి నిలబడ్డారు. నాలుగు.

“ఉన్...న...యి.”

“ఆఁ, సరే,” అన్నాడు కుర్రాయన. భద్రయ్య పొట్లం కాగితం తియ్యబోయాడు. ఆమె ఇంకా ముగించలేదు. కుర్రాయన వైపే చూస్తోంది, తాత వైపు కాదు.

“ఎం...త...”

కుర్రాయన హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు. గడప దగ్గరి ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఎదురుగా పురుషోత్తం దుకాణంలోకి పోయారు. భద్రయ్య వాళ్లు పోవడం చూశాడు. పురుషోత్తం లేచి నిలబడి వాళ్లకు నమస్కారం పెట్టడం కూడా చూశాడు. పిలవలేదు.

“ఎంత... కా...వా...లె?”

“పావుకిలో ఇయ్యమ్మా,” అన్నాడు కుర్రాయన.

ఆ రోజు లెక్క: పోయినవి రెండు బేరాలు, అదీ పురుషోత్తానికి. మిగిలింది పావుకిలో మురమురాల మీద వచ్చే మూడు రూపాయలు. వచ్చింది, భద్రయ్య ఒక్క అక్షరం కూడా కలపకుండా, మనవరాలు మొదటి నుంచి చివరిదాకా తనే కట్టి గిరాకీ చేతిలో పెట్టిన మాట.